చిన్నారులకు సీటు బెల్టు: తల్లిదండ్రులదే తొలి బాధ్యత

వనపర్తి జిల్లా పెబ్బేరు పట్టణం హైదరాబాద్-బెంగళూరు 44వ నంబరు జాతీయ రహదారిపై ఉంది. బడికో, సంతకో బయలుదేరిన కారు సైతం దూరప్రాంత బస్సులు, లారీల నడుమ సాగవలసి వస్తుంది. కావున దగ్గరి ప్రయాణమేనని బెల్టు విడిచిపెట్టడం తగదు.

మోటారు వాహనాల (సవరణ) చట్టం-2019 ద్వారా చేర్చిన 194-బి సెక్షన్ ప్రకారం, 14 ఏళ్లలోపు బాలబాలికలకు సీటు బెల్టు గాని, పిల్లల రక్షణ ఆసనం గాని లేకుండా వాహనం నడిపినవారు లేదా నడపనిచ్చినవారు రూ.1,000 జరిమానాకు గురవుతారు. కేంద్ర మోటారు వాహనాల నియమావళిలోని 138వ నియమం ముందు సీట్లతోపాటు, ముందువైపునకు అమర్చిన వెనుక సీట్లలోని వారికి కూడా బెల్టును తప్పనిసరి చేసింది.

బిడ్డను ఒడిలో కూర్చోబెట్టుకోవడం రక్షణ కాదు. వాహనం ఢీకొన్న క్షణంలో బిడ్డ అదే వేగంతో ముందుకు దూసుకుపోతుంది. ఎంత బలమైన చేతులైనా ఆపజాలవు. ఇద్దరికీ కలిపి ఒకే బెల్టు బిగిస్తే పెద్దవారి బరువు బిడ్డపై పడుతుంది. పై పట్టీ భుజం మీదుగా, కింది పట్టీ నడుము దిగువన తుంటిపై ఉండాలి. పట్టీ మెడకు తగులుతుంటే ఎత్తు పెంచే బూస్టర్ సీటు అవసరం.

సీటు బెల్టు ప్రయాణికుల మరణ ముప్పును 50 శాతం వరకు తగ్గించగలదని ప్రపంచ ఆరోగ్య సంస్థ పేర్కొంది. పిల్లలు పెద్దలను చూసి నేర్చుకుంటారు. తల్లిదండ్రులు ముందుగా తాము ధరించి, అందరి బెల్టులు బిగించిన తరువాతనే వాహనాన్ని కదిలించడం ప్రతి ప్రయాణంలోనూ పాటించవలసిన నియమం.