రూఫ్‌టాప్ సోలార్: గ్రిడ్‌కు పంపే కరెంటుకు ఎంత వస్తుంది? ఎలా లెక్కిస్తారు?

ఇంటి మీద సోలార్ ప్యానెళ్లు పెట్టుకుంటే కరెంటు బిల్లు తగ్గుతుంది. అయితే ఎంత తగ్గుతుందన్నది ప్యానెళ్ల మీదే కాదు, డిస్కం ఆ కరెంటును ఏ పద్ధతిలో లెక్కిస్తుందన్న దాని మీద కూడా ఆధారపడి ఉంటుంది.

ఫీడ్-ఇన్ టారిఫ్ అంటే?

ఇంట్లో తయారైన సోలార్ కరెంటును గ్రిడ్‌కు పంపితే యూనిట్‌కు ఇంత చొప్పున, ఇన్నేళ్ల పాటు చెల్లిస్తామని ముందే ఖరారు చేసే ధరే ఫీడ్-ఇన్ టారిఫ్. దీన్ని పెద్ద ఎత్తున అమలు చేసిన దేశం జర్మనీ. 2000 నాటి పునరుత్పాదక ఇంధన చట్టం 20 ఏళ్ల పాటు స్థిర ధరకు హామీ ఇచ్చింది. 2004లో చిన్న రూఫ్‌టాప్ ప్లాంట్లకు యూనిట్‌కు 57.4 యూరో సెంట్లు ఇచ్చారు. ఇళ్లవాళ్లు గ్రిడ్ నుంచి కొనే ధర కంటే ఇది చాలా ఎక్కువ. ఆ భారాన్ని వినియోగదారుల బిల్లుల్లో సర్‌ఛార్జీగా వేశారు. 2022 జులై నుంచి ఈ సర్‌ఛార్జీ లేదు. ప్యానెళ్లు చౌకయ్యే కొద్దీ కొత్తగా చేరేవారికి ఇచ్చే ధరను తగ్గిస్తూ వచ్చారు.

భారత్‌లో ఎలా?

మన దేశంలో ఇళ్లకు ఎక్కువగా వర్తించేది నెట్ మీటరింగ్. దీంతో పాటు నెట్ బిల్లింగ్, గ్రాస్ మీటరింగ్ పద్ధతులూ ఉన్నాయి. తేడా తెలియాలంటే ఒక ఊహాత్మక లెక్క చూద్దాం.

ఒక ఇంటి ప్యానెళ్లు నెలకు 360 యూనిట్లు ఇచ్చాయి. అందులో 120 యూనిట్లు పగలే ఇంట్లో వాడుకున్నారు. మిగతా 240 గ్రిడ్‌కు వెళ్లాయి. రాత్రిళ్లు గ్రిడ్ నుంచి 200 యూనిట్లు తీసుకున్నారు. కొనే ధర యూనిట్‌కు రూ.7, అమ్మే ధర రూ.3 అనుకుందాం.

• నెట్ మీటరింగ్: పంపిన 240 యూనిట్ల నుంచి తీసుకున్న 200 తీసేస్తారు. కట్టాల్సింది లేదు. మిగిలిన 40 యూనిట్లు ఖాతాలో ఉంటాయి.
• నెట్ బిల్లింగ్: తీసుకున్నదానికి రూ.1,400, పంపినదానికి రూ.720. కట్టాల్సింది రూ.680.
• గ్రాస్ మీటరింగ్: మొత్తం 360 యూనిట్లనూ అమ్మినట్టే (రూ.1,080). వాడిన 320 యూనిట్లనూ కొన్నట్టే (రూ.2,240). కట్టాల్సింది రూ.1,160.

అవే ప్యానెళ్లు, అదే వాడకం, కానీ బిల్లులు మూడు రకాలు. స్థిర ఛార్జీలు వీటికి అదనం.

డిస్కంలకు ఇబ్బంది ఏమిటి?

రూఫ్‌టాప్ సోలార్ వైపు ముందుగా మళ్లేది ఎక్కువ శ్లాబుల్లో ఉన్న వినియోగదారులు. పేదలకు తక్కువ ధరకు కరెంటు ఇవ్వడానికి తోడ్పడేది వాళ్లు కట్టే బిల్లులే. పైగా పగలు మిగిలిన కరెంటు తీసుకుని, డిమాండ్ ఎక్కువగా ఉండే సాయంత్రం అంతే కరెంటు తిరిగి ఇవ్వాలి. నెట్ మీటరింగ్‌కు పరిమితులు పెట్టాలన్న వాదన వెనుక ఉన్నది ఇదే.

పెట్టుకునే ముందు

2024లో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం కింద కేంద్రం 2 కిలోవాట్ల వరకు కిలోవాట్‌కు రూ.30,000, మూడో కిలోవాట్‌కు రూ.18,000 సబ్సిడీ ఇస్తోంది. గరిష్ఠం రూ.78,000. ఇది పెట్టుబడికి ఇచ్చే సాయమే తప్ప కరెంటుకు ఇచ్చే ధర కాదు. మిగులు యూనిట్ల ధరను రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి నిర్ణయిస్తుంది.

కాబట్టి అమ్మకం మీద ఆశతో పెద్ద ప్లాంటు పెట్టడం కంటే, ఏడాది వాడకాన్ని బట్టి సామర్థ్యం ఎంచుకోవడం మేలు. ఒప్పందంపై సంతకం చేసే ముందు మూడు విషయాలు అడగాలి: మీటరింగ్ పద్ధతి ఏది? మిగులు యూనిట్లకు ఎప్పుడు, ఎంత చెల్లిస్తారు? ఆ షరతులు ఎన్నేళ్లు వర్తిస్తాయి?