తరిమెన ఉలికి సాన పట్టడం

తరిమెన (లేత్) పై కర్రను గుండ్రంగా చెక్కే ఉలిని తిరిగే సానరాయి మీద అరగదీసి పదును చేయడాన్ని సాన పట్టడం అంటారు. అనకాపల్లి జిల్లా ఏటికొప్పాకలో అంకుడు కర్రతో లక్క బొమ్మలు చేసేది తరిమెన మీదనే. ఈ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించింది. మొద్దుబారిన ఉలి కర్రను నున్నగా కోయక పీచు లేపుతుంది. బలంగా నొక్కవలసి రావడం వలన ప్రమాదం కూడా జరగవచ్చు.

విధానం

ఉలి అంచు వెనుకనున్న వాలుతలం రాయికి పూర్తిగా ఆనేలా, ఒకే కోణంలో పట్టుకొని తేలికగా కదపాలి. ముందుగా వాలుతలానికి సిరా పూస్తే రాయి ఎక్కడ తాకుతున్నదీ తెలుస్తుంది. గట్టిగా ఒత్తితే రాపిడి వేడికి కర్బన ఉక్కు అంచు సుమారు 300 డిగ్రీల సెల్సియస్ వద్ద నీలిరంగుకు మారి గట్టిదనం కోల్పోతుంది. అందుచేత దానిని మధ్యమధ్య నీటిలో ముంచుతారు. హైస్పీడ్ స్టీలు ఇంతకంటే ఎక్కువ వేడిని తట్టుకుంటుంది.

జాగ్రత్తలు

నిప్పురవ్వలు ఎగురుతాయి కనుక కళ్ళకు రక్షణ అద్దాలు తప్పనిసరి.