పండుగ మరునాడు: ఒమన్‌లో విశ్రాంతి దినం, బజారు దినం

క్రిస్మస్ మరునాడైన డిసెంబరు 26ను బ్రిటిష్ సంప్రదాయం పాటించే దేశాలలో బాక్సింగ్ డే అంటారు. సంపన్నుల ఇళ్లలో పండుగ నాడు కూడా పని చేసిన సేవకులకు, ఏడాది పొడవునా సరుకులు అందించిన చిల్లర వర్తకులకు మరునాడు పెట్టెలలో కానుకలు పంచే ఆచారం నుంచి ఈ పేరు వచ్చిందని సాధారణంగా చెబుతారు. 1871లో బ్రిటిష్ పార్లమెంటు చేసిన బ్యాంకు సెలవుల చట్టం ఆ దినానికి సెలవు హోదా ఇచ్చింది. ఇరవయ్యో శతాబ్దంలో పెద్ద దుకాణాలు అమ్ముడుపోని పండుగ సరుకును ఆ రోజున ధర తగ్గించి అమ్మడం మొదలుపెట్టడంతో, విశ్రాంతి కోసం ఏర్పడిన సెలవు బజారు దినంగా మారి, ఇంట్లో ఉండాలా, కొనుగోళ్లకు వెళ్లాలా అనే చర్చ ఏటా తలెత్తసాగింది. తెలుగు నేలపై కూడా ఈ దినానికి గుర్తింపు ఉంది. 2014లో ఏర్పడిన తెలంగాణ రాష్ట్రం క్రిస్మస్ మరునాడును సాధారణ సెలవుల జాబితాలో చేర్చగా, ఆంధ్రప్రదేశ్‌లో అది ఐచ్ఛిక సెలవుగా, అంటే ఉద్యోగి కోరుకుంటే వాడుకునే సెలవుగా ఉంటూ వస్తోంది. తెలుగు వలస కార్మికులు దశాబ్దాలుగా పని చేస్తున్న ఒమన్‌లో మాత్రం అధికారిక సెలవుల జాబితాలో డిసెంబరు 26 లేదు, 25 కూడా లేదు. కనుక అక్కడి క్రైస్తవుల పండుగ మరునాటి చరిత్రను క్రిస్మస్‌లో వెతికితే దొరికేది స్వల్పం. దాన్ని శుక్రవారంలోను, సూక్ అని పిలిచే బజారు వేళలలోను, కార్మిక చట్టాలలోను వెతకవలసి ఉంటుంది.

పండుగకూ బజారుకూ ఉండవలసిన వరుస గురించి ఒమనీయుల ఆచారం మొదటి నుంచీ స్పష్టంగా ఉంది. కొనుగోలు పండుగకు ముందు జరగాలి, పండుగ తరువాతి రోజులు ఇంటికీ బంధువులకూ చెందాలి. రంజాను నెల చివరి రోజులలోను, బక్రీదు వచ్చే జుల్‌హిజ్జా నెల తొలి రోజులలోను ఊరూరా జరిగే ప్రత్యేక సంతను హబ్తా అంటారు. నిజ్వా, రుస్తాఖ్, సమాయిల్, ఫంజా వంటి ఊళ్లు రోజుల వంతున ఈ సంతను నిర్వహిస్తాయి. తెల్లవారకముందే కోట పక్కనో, ఖర్జూరపు తోటల నీడలోనో చేరే జనం మేకలు, ఎడ్లు, బట్టలు, హల్వా, పిల్లల బొమ్మలు, మాంసం కాల్చడానికి కావలసిన పుల్లలు, బొగ్గులు కొని ఎండ ముదరకముందే ఇళ్లకు మళ్లుతారు. పండుగ నాడు గోధుమలనూ మాంసాన్నీ కలిపి మెత్తగా ఉడికించిన హరీస్, అంటే హైదరాబాదు హలీంకు దగ్గరి చుట్టం, లేదా బియ్యంతో చేసే అర్సియా వడ్డించడం, తరువాతి రోజులలో మాంసపు ముక్కలను పుల్లకు గుచ్చి కాల్చే మిష్కాక్, మసాలా పట్టించిన మాంసాన్ని ఆకులలో చుట్టి నేలగోతిలో నిప్పులపై ఒకటి రెండు రోజులు మగ్గనిచ్చే షువా సిద్ధం చేసుకోవడం చాలా ప్రాంతాలలో వాడుక. షువా గొయ్యి తరచుగా పలు కుటుంబాలకు ఉమ్మడిగా ఉంటుంది కాబట్టి దాన్ని మూసేటప్పుడూ తెరిచేటప్పుడూ వాడకట్టు అంతా అక్కడ ఉండక తప్పదు. ఇటువంటి మరునాడు బజారుకు పోయే తీరిక ఎవరికీ ఉండదు. సంక్రాంతి మరునాడు ప్రయాణం పెట్టుకోరాదని, కనుమ నాడు కాకైనా కదలదని చెప్పుకొనే తెలుగువారికి ఈ ఏర్పాటు వింతగా తోచదు. కనుమ కూడా ఇంటిపట్టున ఉండి మాంసం తినే దినమే.

వారపు సంతల విషయంలో లెక్క వేరు. ఒమన్ లోపలి ప్రాంతాలలో ఆరాధన దినమే అంగడి దినం కావడం పాత ఏర్పాటు. నిజ్వాలో శుక్రవారం ఉదయం పశువుల సంత సాగుతుంది. గుండ్రని అరుగు చుట్టూ కొనేవారు కూర్చుంటే, అమ్మేవారు మేకలను, దూడలను వలయంగా నడిపిస్తూ ధర పిలుస్తారు. మధ్యాహ్నపు సామూహిక ప్రార్థన వేళకు ఆ సందడి ముగుస్తుంది. చుట్టుపక్కల పల్లెల నుంచి జుమా ప్రార్థనకు ఎలాగూ వచ్చేవారు తమ బేరాలు కూడా అదే ప్రయాణంలో ముగించుకుంటారన్నది దీని వెనక ఉన్న సులువైన ఆర్థికం. ఎడారి అంచున ఉన్న సినావ్‌లో బెదూయిన్లు వచ్చే సంత గురువారానిది, ఇబ్రాలో స్త్రీలకే ప్రత్యేకమైన అంగడి బుధవారానిది. మొత్తం మీద సంత అంటే ఇక్కడ తీరిక సమయపు వినోదం కాదు, వారం పనిలో ఒక భాగం. విశ్రాంతా, బజారా అనే ప్రశ్న ఈ ఏర్పాటులో పుట్టే వీలే లేదు.

సముద్ర తీరపు మస్కట్, మత్రా జంట పట్టణాలలో బజారుకు మరొక లయ ఉండేది. మత్రా సూక్ ఇరుకు సందులతో, వెలుతురు సోకని కప్పులతో ఉండడం వల్ల దానిలో ఒక భాగానికి చీకటి బజారు అనే అర్థమిచ్చే పేరు స్థిరపడింది. వేడి దేశపు అలవాటు ప్రకారం మధ్యాహ్నం మూతపడి సాయంత్రం తిరిగి తెరుచుకోవడం, శుక్రవారం ప్రార్థన ముగిసి పొద్దు వాలాక గాని పూర్తిగా కళకట్టకపోవడం దీని పద్ధతి. ఇక్కడి వర్తకంలో బనియా వర్తకులుగా పేరుపడిన కచ్ఛ్, సింధ్ ప్రాంతాల హిందువులకు శతాబ్దాల స్థానం ఉంది. ఇప్పటికీ కొనసాగుతున్న ఖింజీ రాందాస్ సంస్థ 1870లో మొదలైంది. 1970 వరకు ఇక్కడ రూపాయే చెలామణీ అయింది. తెలుగు వలస ఇంకా మొదలుకాని ఆ కాలంలోనే భారతీయుడికి ఒమన్ బజారు బొత్తిగా పరాయిది కాదన్నమాట. అయితే రాత్రి బజారు అనే భావనకు నాటి మస్కట్‌లో చోటు లేదు. సూర్యాస్తమయమైన మూడు గంటలకు కోట నుంచి సంకేతం వెలువడగానే నగర ద్వారాలు మూసేవారు, ఆ తరువాత వీధిలో నడిచేవారు చేత లాంతరు పట్టుకొని తీరాలి. సుల్తాన్ ఖాబూస్ 1970 జూలైలో అధికారం చేపట్టాకే ఈ నిబంధన పోయింది.

ఈ నేలపై క్రిస్మస్ కూడా నిన్నమొన్నటిది కాదు. ఒమన్‌కు పూర్వ నామమైన మజూన్ పేరుతో తూర్పు సంఘానికి, అంటే పర్షియా కేంద్రంగా వికసించిన ప్రాచీన క్రైస్తవ శాఖకు, ఒక బిషప్ పీఠం ఉండేది. దాని బిషప్పులు క్రీ.శ. 424 నుంచి 676 వరకు మతసభల నమోదులలో కనిపిస్తారు. 1507లో మస్కట్‌ను పట్టుకున్న పోర్చుగీసువారు 1650లో ఇమాం సుల్తాన్ బిన్ సైఫ్ సేనలు వెళ్లగొట్టేవరకు అక్కడే ఉండి మీరానీ, జలాలీ కోటలతో పాటు ప్రార్థనాలయాలనూ నిర్మించుకున్నారు. ఆధునిక కాలానికి వస్తే, లాహోరు తొలి ఆంగ్లికన్ బిషప్‌గా పని చేసి పదవి విడిచిన థామస్ వాల్పీ ఫ్రెంచ్ 1891లో మస్కట్ చేరి కొద్ది నెలలకే అక్కడే మరణించాడు. 1893లో అమెరికాకు చెందిన అరేబియన్ మిషన్ తరఫున పీటర్ జ్వేమర్ అక్కడ స్థిరమైన కేంద్రాన్ని నెలకొల్పాడు. ఆ మిషన్‌ను ఒమనీయులు గుర్తుంచుకున్నది బోధ వల్ల కంటే వైద్యం వల్ల. షారన్ థామ్స్, ఆయన కుమారుడు వెల్స్ థామ్స్ అనే ఇద్దరు వైద్యుల పేర్లు మత్రా చరిత్రలో నిలిచిపోయాయి. 1970 తరువాత చమురు ఆదాయంతో నిర్మాణాలు ఊపందుకొని విదేశీ కార్మికులు వేలాదిగా రావడంతో సుల్తాన్ చర్చిలకు స్థలాలు కేటాయించాడు. మస్కట్‌లో భాగమైన రువిలోని సెయింట్స్ పీటర్ అండ్ పాల్ కథోలిక చర్చి 1977 నాటిది. తరువాత ఘలా, సలాలా, సోహార్‌లలోనూ ప్రార్థనా స్థలాలు ఏర్పడ్డాయి. 1996 నాటి మౌలిక శాసనం, అంటే రాజ్యాంగం వంటి పత్రం, శాంతిభద్రతలకు, సభ్యతకు భంగం కలగనంతవరకు ఎవరి మతాచారం వారు పాటించే స్వేచ్ఛకు పూచీ ఇచ్చింది. అందువల్ల పండుగ చేసుకోవడానికి ఆటంకం లేదు, తీరికే లేదు.

తీరిక లేనందున గల్ఫ్ క్రైస్తవం ఒక సర్దుబాటు కనిపెట్టింది. ఆదివారపు ఆరాధనను శుక్రవారానికి తెచ్చుకుంది. రువి, ఘలా ఆవరణలలో ఒకే మందిరాన్ని ఇంగ్లిషు, మలయాళం, తమిళం, తెలుగు, ఉర్దూ, తగలోగ్ భాషల వారు గంటల వంతున పంచుకుంటారు. శుక్రవారం అక్కడ ఉదయం నుంచి రాత్రి దాకా ఒక గుంపు వెళ్తుంటే మరొక గుంపు వస్తూ ఉంటుంది. వారం మధ్యలో క్రిస్మస్ పడితే 24 రాత్రి, 25 సాయంత్రం పని ముగిశాక ఆరాధన జరిపి, విందును, పిల్లల కార్యక్రమాలను దగ్గరి శుక్రవారానికి జరపడం మామూలు. ఫలితంగా పండుగ మరునాడు అనేది పంచాంగంలోని తేదీగా మిగలక, పండుగ పనులు పూర్తిచేసుకునే ఒక శుక్రవారంగా మారింది.

డిసెంబరు 26 అక్కడ ఎంత మామూలు పనిదినమో తెలిపే విషాద సాక్ష్యం ఒకటుంది. 2004లో ఆ తేదీ ఆదివారం, అంటే ఒమన్‌లో పనిదినమే. ఆ ఉదయం ఆంధ్ర తీరాన్ని ముంచెత్తిన సునామీ కొన్ని గంటలకు అరేబియా సముద్రం దాటి సలాలా చేరినప్పుడు, ఓడరేవులో ఉన్న 285 మీటర్ల కంటైనర్ నౌక మోకులన్నీ తెంచుకొని ప్రవాహంలో గిరగిర తిరిగి ఇసుక మేటపైకి ఎక్కింది.

రువి చరిత్ర తెలిస్తే శుక్రవారం విలువ ఇంకా బాగా తెలుస్తుంది. ఒకప్పుడు బైత్ అల్ ఫలజ్ సైనిక శిబిరమూ చిన్న విమానాశ్రయమూ తప్ప పెద్దగా ఏమీ లేని ఈ లోయ, 1973లో విమానాశ్రయం సీబ్‌కు తరలిపోయిన తరువాత బ్యాంకులతో, దుకాణాలతో, కార్మికుల గదులతో నిండిపోయింది. కరీంనగర్, నిజామాబాద్, కడప, గోదావరి జిల్లాల నుంచి వచ్చినవారికి మస్కట్ అంటే ముందుగా తెలిసేది రువి హై స్ట్రీట్, హోండా రోడ్, హమ్రియా పరిసరాలే. వారానికి ఒక్కరోజే సెలవున్న కాలంలో ఆ ఒక్క రోజులో బట్టలు ఉతుక్కోవడం, నిద్ర తీర్చుకోవడం, చర్చికో మసీదుకో గుడికో వెళ్లడం, ఎక్స్ఛేంజీలో వరుస కట్టి ఇంటికి డబ్బు పంపడం, వారానికి సరిపడా బియ్యం కూరలు కొనడం, ఊరివాళ్లను కలవడం అన్నీ ఇమడాలి. అప్పటి కార్మికుడికి బజారు విశ్రాంతికి ప్రత్యామ్నాయం కాదు, విశ్రాంతి అని చెప్పుకోదగిన కొద్దిపాటి సమయం బజారులోనే గడిచేది. భారతీయ సోషల్ క్లబ్బులోని తెలుగు విభాగం వంటి సంఘాల కార్యక్రమాలూ వారాంతాలకే పరిమితమయ్యాయి.

ఇక్కడే చట్టాల ప్రస్తావన అవసరం అవుతుంది. ఒమన్ తొలి కార్మిక చట్టం 1973లో వచ్చింది. దాని స్థానంలో 2003లో వచ్చిన చట్టం వారానికి 48 పని గంటలు, ఒక విరామ దినం అనే పద్ధతిని కొనసాగించింది. 2011లో సోహార్ తదితర పట్టణాలలో ఉపాధి, వేతనాల కోసం నిరసనలు చెలరేగిన తరువాత అదే ఏడాది చేసిన సవరణ పని గంటలను 45కు తగ్గించి, అయిదు రోజుల పనికి వరుసగా రెండు రోజుల విరామం ఇవ్వాలని చెప్పింది. 2023 చట్టం పని సమయాన్ని వారానికి 40 గంటలుగా నిర్ణయించింది. మరోవైపు ప్రభుత్వ కార్యాలయాలకు గురు, శుక్రవారాలుగా ఉన్న వారాంతం 2013 మే 1 నుంచి శుక్ర, శనివారాలకు మారింది. శని, ఆది సెలవులు పాటించే ప్రపంచ మార్కెట్లతో వ్యవహరించడానికి వారంలో మూడే రోజులు మిగులుతున్నాయన్న వాణిజ్య వర్గాల ఇబ్బంది ఇటువంటి మార్పులకు మూలం. పొరుగున ఉన్న యు.ఎ.ఇ. ఈ మార్పును 2006లోనే చేసింది, సౌదీ అరేబియా 2013 జూన్‌లో చేసింది.

ఎంపిక అనేది ఈ రెండో విరామ దినంతోనే పుట్టింది. శుక్రవారం ఆరాధనకూ నిద్రకూ పోగా శనివారం అనేది మిగిలింది కనుకనే మస్కట్ సిటీ సెంటర్ వంటి మాల్‌లు, హైపర్‌మార్కెట్లు ప్రకటించే ఏడాది చివరి తగ్గింపు ధరలు ఉద్యోగి కుటుంబాలకు ఆలోచించదగిన విషయమయ్యాయి. ఒమన్‌లో క్రిస్మస్ మరునాటి బజారును సృష్టించింది వర్తకుల ప్రకటనలు అనుకోవడం పొరపాటు. చట్టం ఇచ్చిన తీరికను వర్తకులు గమనించారు, అంతే. ఆ తీరిక అందరికీ సమానంగా అందలేదన్నది కూడా చరిత్రలో భాగమే. 2003 కార్మిక చట్టం ఇళ్లలో పని చేసేవారిని తన పరిధి నుంచి మినహాయించింది. గోదావరి జిల్లాల నుంచి, రాయలసీమ నుంచి ఇంటిపనికి వెళ్లిన స్త్రీలకు వారపు సెలవు చాలాకాలం ఒప్పంద పత్రం మీదా, యజమాని మంచితనం మీదా ఆధారపడింది. పండుగ మరునాడు పిండివంటల గిన్నెలు తోమేది వీరే కాబట్టి, కానుక పెట్టె పుట్టుకకు కారణమైన సేవకుల స్థితికి ఈ చరిత్రలో అందరికంటే దగ్గరగా ఉన్నది వారే.

క్యాలెండరు చేసే ఉపకారం మాత్రం అప్పుడప్పుడూ ఉంటుంది. 2008లో క్రిస్మస్ గురువారం రావడంతో పాత వారాంతం ప్రకారం ప్రభుత్వ ఉద్యోగులకు రెండు రోజులూ సెలవయ్యాయి. తెలంగాణ ఏర్పడిన 2014లో గురువారం పనిదినంగా మారిపోయి ఉండగా 26 శుక్రవారం అయింది, అంటే హైదరాబాదులోను మస్కట్‌లోను వేర్వేరు కారణాలతో ఒకే రోజు సెలవు పడింది. కొత్త వారాంతం వచ్చాక 25, 26 తేదీలు రెండూ విరామ దినాలుగా కలిసివచ్చిన సంవత్సరాలు 2015, 2020. మళ్లీ అటువంటి కలయిక 2026లో ఉంది, దాని తరువాత 2037 వరకు లేదు.