బావినీటి కాపలాకు డబ్బెవరిది?

బూర్గంపాడు దగ్గర కిన్నెరసాని గోదావరిలో కలుస్తుంది. ఏరూ నదీ కలిసే చోట ఇసుకా ఒండ్రూ ఎక్కువ. అటువంటి నేలలో నీరు పైపైనే దొరుకుతుంది. పైనుంచి కారినది కూడా అంత సులువుగానూ కిందికి దిగుతుంది. భద్రాచలం దారిన పోయే లారీలకు ఇంధనం పోసే బంకుల ట్యాంకులు ఉండేది నేల కిందనే. ఒక ట్యాంకు తుప్పుపట్టి కారిందనుకోండి, చుట్టుపక్కల నీటిని ఏళ్ళ తరబడి పరీక్షించే ఖర్చు ఎవరు భరించాలి? ఈ ప్రశ్నకు చరిత్రలో జవాబు వెతుకుతూ నేను అమెరికా దాకా పోవలసి వచ్చింది.

అక్కడ దశాబ్దాల పాటు బంకుల కింద రక్షణపూత లేని ఉక్కు ట్యాంకులను పాతిపెట్టారు. అవి తుప్పుపట్టి కారడం మొదలయ్యేసరికి చట్టంలో ఒక పెద్ద కంత కనిపించింది. విషవ్యర్థాల శుద్ధికోసం 1980లో చేసిన సూపర్‌ఫండ్ చట్టం పెట్రోలియాన్ని మినహాయించింది. ఆ కంతను పూడ్చడానికి 1984లో భూగర్భ ట్యాంకుల మీద విడిగా చట్టం చేశారు. 1986లో ఒక కేంద్రనిధిని ఏర్పరచి, గాలను ఇంధనానికి సెంటులో పదోవంతు పన్ను వేశారు. ట్యాంకు యజమాని ఎవరో తెలియకపోయినా, అతడు భరించలేకపోయినా ఈ సొమ్ము అక్కరకు వస్తుంది.

అసలు చిక్కు 1988 నిబంధనలతో వచ్చింది. ఒక్కొక్క ప్రమాదానికి 10 లక్షల డాలర్ల దాకా చెల్లించగల స్తోమత ఉన్నదని బంకు యజమాని ఋజువు చూపాలన్నారు. చిన్న బంకువాడికి అంత ఆస్తి ఎక్కడిది? బీమా సంస్థలు వెనుకాడాయి. అప్పుడు రాష్ట్రాలే ఇంధనం మీద చిల్లర సుంకం వేసి, తమ తమ నిధులు కూడబెట్టి, బీమా స్థానంలో నిలబడ్డాయి. అమెరికాలో ఉంటున్న మిత్రులు కారులో ఇంధనం నింపుకున్నప్పుడల్లా ఇటువంటి సుంకం కొంత, తెలియకుండానే, చెల్లిస్తూ ఉంటారు.

ఆ సొమ్ము ఎక్కడ ఖర్చవుతుందో చూడాలి. ట్యాంకును తవ్వి తీయడం కొద్దిరోజుల పని. పెట్రోలు నీటికన్న తేలిక కనుక భూగర్భజలం మీద తెట్టులా తేలుతుంది, దానిని కొంతవరకు తోడేయవచ్చు. కాని అందులోని బెంజీను నీటిలో కరిగి, నీరు నడిచే దిక్కుకే తానూ నడుస్తుంది. అది క్యాన్సరు కారకం. అది ఎంత దూరం పోయిందో తెలియాలంటే చుట్టూ సన్నని పరిశీలక బావులు తవ్వి, మూడు నెలలకో ఆరు నెలలకో నమూనాలు తీసి, ప్రయోగశాలకు పంపాలి. అంకెలు తగ్గుముఖం పట్టాయని తేలేదాకా ఈ పని ఆగదు. కాలిఫోర్నియాలో 1989 చట్టంతో వచ్చిన నిధి పద్ధతి ఇది: యజమాని ముందుగా తన వంతు సొమ్ము భరిస్తాడు, ఆపైన బావుల, నమూనాల, పరీక్షల బిల్లులు సమర్పిస్తే, న్యాయమైనవీ అవసరమైనవీ అనుకున్నవాటిని నిధి తిరిగి చెల్లిస్తుంది.

చెల్లించేది పరుల సొమ్మయితే బిల్లు ఎలా ఉంటుందో మనవాళ్ళకు వేరే చెప్పాలా! ఫ్లోరిడా 1986లోనే నిధి పెట్టి, కారుతున్నదని తానుగా చెప్పుకున్నవారికి సాయం చేస్తానన్నది. వేలాదిమంది ముందుకొచ్చారు. అంతవరకు అది మెచ్చదగిన ఆలోచనే, దండన భయముంటే ఎవడూ నోరు విప్పడు కదా. కాని పని అయ్యాక బిల్లు చెల్లించే పద్ధతిలో బకాయిలు వందల మిలియన్ల డాలర్లకు పెరిగాయి. 1996లో పద్ధతి మార్చి, ముందే అనుమతి తీసుకోవాలనీ, తాగునీటి బావులకు ముప్పు ఎక్కువున్న చోట్లకే మొదటి వరుస అనీ నియమం పెట్టారు. కాలిఫోర్నియా నిధికీ 2008-09లో నగదు కటకట తప్పలేదు. 2012లో అక్కడి జలమండలి, ముప్పు తక్కువైన చోట్ల కాపలా చాలించి దస్త్రం మూసేయవచ్చని విధానం చేసింది. కాపలా ఎప్పుడు మానాలన్నది సాంకేతిక విషయమే. అయినా పెట్టె అడుగు కనిపించిన తరువాత ఆ నిర్ణయం కొంత తొందరగా వచ్చిందేమోనని నా అనుమానం.

మన దేశంలో సూత్రం స్పష్టం: కలుషితం చేసినవాడే చెల్లించాలి. సుప్రీంకోర్టు 1996లోనే చెప్పింది. 2013లో చెన్నై తండయారుపేటలో భారత్ పెట్రోలియం గొట్టం నుంచి కారిన ఇంధనం ఇళ్ళ బోరుబావుల్లో తేలినప్పుడు హరిత ట్రైబ్యునలు కలుగజేసుకున్నది. అక్కడ దోషి పెద్ద సంస్థ, చేతిలో డబ్బున్నది. మూతపడిన పాత బంకు సంగతి వేరు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020 జనవరిలో కొత్త బంకులకు మార్గదర్శకాలు ఇచ్చి, నీరు పైపైనే ఉన్న చోట ట్యాంకుకు రెండో రక్షణ ఉండాలన్నది. 2025 జులైలో వచ్చిన కలుషిత స్థలాల నియమాలు, దోషి దొరకని చోట ఖర్చు కేంద్ర రాష్ట్రాలు భరించాలన్నాయి. ఆలస్యంగానైనా మంచి మాటే, కాని దానికొక ప్రత్యేకమైన పెట్టె లేకపోతే ప్రతి బావీ బడ్జెట్టు గుమ్మం ముందు చేయిచాచాలి.

2021 బడ్జెట్టు పెట్రోలు మీద లీటరుకు రెండున్నర రూపాయల వ్యవసాయ సెస్సు వేసింది. అమెరికా కేంద్రనిధికి పోయే పన్ను మన లెక్కలో లీటరుకు రమారమి రెండు పైసలు. రోజుకు 5,000 లీటర్లు అమ్మే బంకు ఆ లెక్కన ఏడాదికి 36,500 రూపాయలు జమచేస్తుంది.