వేడి సీటు (కారు): లోపాల గుర్తింపు, మరమ్మతు

వేడి సీటు అంటే కవరు కింద అమర్చిన విద్యుత్ నిరోధక తీగతో లేదా కార్బన్ ఫైబర్ పరుపుతో వేడెక్కే కారు సీటు. 1966లో కార్ల సంస్థ కాడిలాక్ దీనిని అదనపు సౌకర్యంగా అందించింది. చలిదేశమైన స్వీడన్‌కు చెందిన సాబ్ 1970ల ఆరంభంలో డ్రైవరు సీటుకు అమర్చింది.

ఫ్యూజు, స్విచ్చు, నియంత్రణ మాడ్యూలు, ఉష్ణోగ్రత సెన్సరు, తాపక పరుపు ఇందులో భాగాలు. ఎక్కి దిగే అంచున, మోకాలి ఒత్తిడి పడేచోట తీగ తెగడం తరచూ కనిపించే లోపం. కూర్చునే భాగం, వీపు భాగం ఒకే వరుస వలయంలో ఉన్న కార్లలో ఒకచోట తెగితే రెండూ వేడెక్కవు.

పరీక్ష ఫ్యూజుతో మొదలవుతుంది. తరువాత కనెక్టరు విప్పి మల్టీమీటరుతో నిరోధం కొలుస్తారు. బాగున్న పరుపు సాధారణంగా కొన్ని ఓమ్‌లే చూపుతుంది. 12 వోల్టుల వద్ద 3 ఓమ్‌ల పరుపు 4 ఆంపియర్లు, అంటే 48 వాట్లు తీసుకుంటుంది. అనంత నిరోధం తీగ తెగిందనడానికి గుర్తు. పరుపు బాగుండి వోల్టేజి అందకపోతే లోపం స్విచ్చు, మాడ్యూలు, వైరింగులలో ఉంటుంది.

సీటు కింది పసుపు కనెక్టర్లు సాధారణంగా ఎయిర్‌బ్యాగువి. అందుకే బ్యాటరీ కనెక్షన్ తీసి, తయారీదారు సూచించిన వ్యవధి ఆగాకే పని మొదలుపెట్టాలి. ఇది దాటరాని నియమం. తెగిన తీగను అతికితే అతుకు వద్ద వేడి పేరుకుని కవరు కాలవచ్చు కనుక పరుపు మార్చడమే మేలు. మధుమేహంతో స్పర్శ తగ్గినవారికి అదుపుతప్పిన సీటు తెలియకుండానే కాలిన గాయాలు చేయగలదు.