పట్టుచీరలో పులుపూ, సోడా



పసుపు మరకకు సబ్బు రుద్దితే ఎర్రబడుతుంది, మనందరికీ అనుభవమే. పారాణి కలిపేటప్పుడు చేసేదీ అదే గదా! పసుపులో సున్నం పడితే ఎరుపు. అందులో కాస్త ఎక్కువగా నిమ్మరసం పిండండి, మళ్లీ పసుపుపచ్చ. సున్నం, సోడా, బూడిదనీళ్లు క్షారాలు. నిమ్మ, చింతపండు ఆమ్లాలు. రెండూ కలిసి ఒకదాని గుణాన్ని మరొకటి విరిచేస్తే పుట్టేది లవణం. ఇంగ్లండులో రాబర్ట్ బాయిల్ 1664లో వయొలెట్ పూల పానకంతో ఇటువంటి పరీక్షే వ్రాశాడు. పులుపు తగిలితే ఎరుపు, క్షారం తగిలితే ఆకుపచ్చ అన్నాడు.

ఈ మూడింటి చరిత్రా మన బీరువాలోని పట్టుచీరలో ఉంది.

1782 నుంచి 1799 దాకా మైసూరును ఏలిన టిప్పు సుల్తాన్ అక్కడ పట్టుపురుగుల పెంపకాన్ని ప్రోత్సహించాడు. ఆ సీమకు ఆనుకున్నవే మన కుప్పం, పుంగనూరు పల్లెలు. అక్కడి రైతులు మల్బరీ ఆకు మేపి పట్టుగూళ్లు తీస్తారు. మదనపల్లె నీరుగట్టువారిపల్లెలో మగ్గాలు పట్టు నేస్తాయి.

గూటి నుంచి తీసిన పచ్చిపట్టు బిరుసుగా, కాంతి లేకుండా ఉంటుంది. దాని బరువులో సుమారు పాతికవంతు జిగురే. సబ్బు, సోడా వేసిన నీళ్లలో ఉడకబెడితే జిగురు కరిగి మెరుపు బయటపడుతుంది. ముందే దించితే రంగు సరిగా పట్టదు, ఆలస్యమైతే దారం చివికిపోతుంది. ఆ అదను తెలియడమే పనితనం.

పూర్వం క్షారమంటే ఎక్కువగా మొక్కల బూడిదే. 1791లో ఫ్రాన్సు దేశస్థుడు నికొలా లెబ్లాంక్ మామూలు ఉప్పు నుంచి సోడా తీసే పద్ధతికి హక్కు పొందాడు. విప్లవంలో అతని కర్మాగారం పోయింది. పేదరికంలో 1806లో తానే ప్రాణం తీసుకున్నాడు. లోకానికి మాత్రం సోడా చవకైంది.

ఇక రంగు. పాతరోజుల్లో లక్క ఎరుపును పట్టుకు పట్టించేది పటిక, అదొక లవణం. 1856లో పద్దెనిమిదేళ్ల విలియం పెర్కిన్ మలేరియా మందు చేయబోయి ఊదారంగు కనిపెట్టాడు. ఆ తర్వాత వచ్చిన రంగుల్లో ఒక తెగ పుల్లటి నీళ్లలోనే పట్టుకు బాగా అంటుతుంది. వాటి పేరే ఆమ్లపు రంగులు.

ఇదంతా తెలియని రోజుల్లో, కూర మరక పడిందని మా అమ్మ పెళ్లిచీరను రాత్రంతా సోడానీళ్లలో నానబెట్టాను. పొద్దున చూస్తే కళ పోయింది, మడతల దగ్గర పట్టుకుంటే చిరిగింది. అమ్మ పల్లెత్తు మాట అనలేదు. ఆ చీరను మడిచి లోపల పెట్టేసింది. జిగురును కరిగించిన క్షారమే దారాన్నీ తినేసిందని తర్వాత తెలిసింది. పట్టు కూడా మన వెంట్రుకలాగే మాంసకృత్తు, క్షారం ఎక్కువైతే ఓర్వదు.

కుంకుడు రసంలో క్షారం లేదు. పట్టుకు దాన్నే వాడిన మన అవ్వలు రసాయనశాస్త్రం చదవలేదు, చీర పాడుకాకుండా చూసుకున్నారు. మీరూ ముందు అంచు మూల తడిపి, రంగు దిగదని చూసుకుని, చల్లటి నీళ్లలో కుంకుడు రసంతో జాడించి నీడన ఆరేయండి. సోడా డబ్బా మాత్రం దగ్గరికి రానీయకండి.