పాతికేళ్లుగా గోదారి పక్షాన

మంజీర నది కందకుర్తి దగ్గర గోదావరిలో కలుస్తుంది. పటాన్‌చెరు పరిశ్రమల వ్యర్థాలు మోసిన నక్కవాగు ఆ మంజీరలోనే పడుతుంది. అక్కణ్నుంచి నిజాంసాగర్, కందకుర్తి, శ్రీరాంసాగర్, ధర్మపురి, ఎల్లంపల్లి దాటితే మన రామగుండం. 2001లో మన సమితి పుట్టింది ఈ దారిని గుర్తుచేసుకునే. గోదావరిని ఏ ఊరూ ఒంటరిగా కాపాడుకోలేదు, ఒడ్డున ఉన్న ఊళ్లన్నీ ఒక్కచోట కూర్చోవాలి అన్నది తొలి తీర్మానం. దానికి ఈ ఏడాది పాతికేళ్లు నిండాయి. ఈ రజతోత్సవ సంచికకు సమితి చరిత్ర రాసే పని కార్యవర్గం నాకు అప్పగించింది. నేను చూసింది, పెద్దల నోట విన్నది, మినిట్స్ పుస్తకాల్లో మిగిలింది కలిపి రాస్తున్నాను. దాతల పేర్లు, కార్యకర్తల పేర్లు చివరి పుటల్లో వరుసగా అచ్చవుతున్నాయి కనుక ఇక్కడ ఎవరి పేరూ రాయడం లేదు.

సమితి అంటే మొదట నలుగురే. సోషల్ సారు, సర్దార్ బాపు, జనగామ ఒడ్డున వల వేసుకునే గంగపుత్రుల పెద్దాయన, ఆస్పత్రి ల్యాబులో పనిచేసిన అక్క. నలుగురినీ దగ్గర నుంచి ఎరిగినవాణ్ని. వాళ్ల గురించి కాస్త ఎక్కువ రాస్తే పాఠకులు మన్నించాలి.

సోషల్ సారు బడిలో గోదావరి పాఠం చెబితే త్ర్యంబకం దగ్గర మొదలుపెట్టి సముద్రం దాకా బోర్డు మీద గీసేవారు. 1465 కిలోమీటర్ల నది అది. మా పిల్లలకు మాత్రం గోదారి అంటే బ్రిడ్జి మీద నుంచి కనిపించినంత మేరే. ఆయనకు అదే బాధ. పటాన్‌చెరులో డాక్టర్ కిషన్‌రావు గారు, ఉస్మానియా విశ్వవిద్యాలయం నుంచి ప్రొఫెసర్ కె. పురుషోత్తం రెడ్డి గారు చేస్తున్న కాలుష్య వ్యతిరేక పోరాటం వార్తలను కత్తిరించి అట్టల మీద అంటించేవారు. ఆ పోరాటం 1990లోనే సుప్రీంకోర్టు గడప తొక్కింది. ఒక వైద్యుడు, ఒక ప్రొఫెసర్, పొలాలు పాడైన రైతులు కలిసి ఒక వాగు కోసం అంత దూరం వెళ్లగలిగితే, ఇన్ని యూనియన్లున్న మన బొగ్గు గనుల ప్రాంతం ఒక నది కోసం ఎందుకు వెళ్లలేదని ఆయన అడిగేవారు. 2007లో స్వీడన్ పరిశోధకులు పటాన్‌చెరు శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీళ్లలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు ఉందని ప్రకటించినప్పుడు, ఆ వార్తను సారు ప్రతి మీటింగులో చదివి వినిపించారు. మన దాకా వచ్చేసరికి ఆ నీళ్లు పలచబడతాయని ఆయనకూ తెలుసు. ఎగువ ఊరి మందుల కంపెనీ, దిగువ ఊరి బిందె ఒకే నది మీద ఉన్నాయని చెప్పడమే ఆయన ఉద్దేశం.

సర్దార్ బాపు లేకపోతే ఈ సమితి మొదటి ఏడాదే మూతపడేది. బొగ్గు గనుల ఊళ్లో నది గురించి మాట్లాడటం ఎంత కష్టమో బయటివాళ్లకు తెలియదు. ఇక్కడ గోదారిలోకి వచ్చే మురికి నాలుగు దిక్కుల నుంచి వస్తుంది: బొగ్గు, బూడిద, ఎరువు, ఇళ్ల మురుగు. వాటిలో మొదటి మూడింట్లోనే మన అన్నం ఉంది. అరవైల నుంచి సింగరేణి గనులు, 1971లో రామగుండం-బి థర్మల్ స్టేషన్, 1980లో ఎరువుల ఫ్యాక్టరీ, 1978లో శంకుస్థాపన జరిగి 1983లో కరెంటు ఇవ్వడం మొదలుపెట్టిన ఎన్టీపీసీ. ఇవి లేకపోతే ఈ ఊరే లేదు. మా సమితి మొదలయ్యేనాటికి ఎరువుల ఫ్యాక్టరీ మూతపడి రెండేళ్లయింది. ఖాళీ అయిన క్వార్టర్లు అందరి కళ్ల ముందూ ఉన్నాయి. ‘నది పేరు చెప్పి ఉన్నవి కూడా మూయిస్తరా?’ అని తొలి సభలోనే ఒకరు లేచి అడిగారు.

దానికి సర్దార్ బాపు చెప్పిన జవాబు మినిట్స్‌లో లేదు, నాకు గుర్తుంది. ఆయన గనుల్లో మైనింగ్ సర్దార్‌గా చేసి రిటైరైన మనిషి. బొగ్గు తీసిన చోట ఖాళీ నింపడానికి గోదారి ఇసుకను నీళ్లతో కలిపి గొట్టాల్లో లోపలికి పంపడం, అదే స్టోయింగ్, ఆయన కళ్లముందు జరిగిన పని. ‘గోదారి ఇసుక లేకుంటే మన నెత్తిమీద కప్పు నిలవకపోవు. లోపల మనల్ని కాపాడినదాన్ని బయట మనమే ఖరాబు చేసుకుంటే ఎట్ల? ఫ్యాక్టరీ నడవాలె, నీళ్లు కడిగి వదలాలె. గంతే’ అన్నారు. ఆ రోజు సభలో ఉన్న అన్ని యూనియన్లవాళ్లూ సంతకం పెట్టారు. జెండాలు వేరైనవాళ్లు ఒకే కాగితం మీద సంతకం చేయడం ఈ ఊళ్లో చిన్న విషయం కాదు.

గంగపుత్రుల పెద్దాయన ఎక్కువ మాట్లాడేవాడు కాదు. ఏ నాలా నీళ్లు ఏ నెలలో ఏ రంగులో వస్తాయో, ఏ మడుగులో చేపలు తేలాయో ఆయన చెబితే ల్యాబు అక్క రాసుకునేది. నీళ్లలో కరిగిన ఆక్సిజన్‌ను ఇంటికి తెచ్చి కొలిస్తే లెక్క తప్పుతుందని, ఒడ్డునే మాంగనస్ సల్ఫేట్, ఆల్కలీ అయొడైడ్ కలిపి పట్టేయాలని ఆమె అందరికీ నేర్పింది. బీఓడీకి, అంటే నీళ్లలోని మురికిని కుళ్లబెట్టడానికి సూక్ష్మజీవులు వాడుకునే ఆక్సిజన్ లెక్కకు, ఐదు రోజులు ఆగాలని కూడా. స్నానానికి పనికొచ్చే నీళ్లలో ఆక్సిజన్ లీటరుకు 5 మిల్లీగ్రాములు తగ్గకూడదు, బీఓడీ 3 దాటకూడదు. ఈ రెండు అంకెలూ మా సమితిలో ప్రతి ఒక్కరికీ నోటికి వచ్చు. అదంతా ఆమె చలవ.

2003 జూన్ 16న జీడీకే-7 ఎల్‌ఈపీ గనిలోకి నీళ్లు తోసుకొచ్చి 17 మంది కార్మికులు చనిపోయారు. ఆ ఏడాది సమితి ఏ కార్యక్రమమూ పెట్టుకోలేదు. నీళ్ల గురించి మాట్లాడే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

ఆ తర్వాత పదిహేనేళ్లలో ఏటా ఒక సభ, ఒక తీర్మానం, ఒక అర్జీ. మధ్యలో సకల జనుల సమ్మె, తెలంగాణ, కొత్త జిల్లాలు. 2016లో జిల్లాల విభజన తర్వాత మా అర్జీలు పెద్దపల్లికి, మంచిర్యాలకు, జగిత్యాలకు వేర్వేరుగా రాయాల్సి వచ్చింది. నది ఒకటే, కలెక్టరేట్లు మూడు. అవతలి ఒడ్డు మిత్రులు మొదట్లో వచ్చినంతగా తర్వాత రాలేదు.

2018లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దేశంలో 351 నదీ భాగాలు కలుషితమయ్యాయని తేల్చింది. తెలంగాణ నుంచి ఆ జాబితాకెక్కిన వాటిలో మూసీ, మంజీర, నక్కవాగు, మానేరుతో పాటు బాసర నుంచి కిందికి మన గోదావరీ ఉంది. ఆ సెప్టెంబరులోనే జాతీయ హరిత ట్రిబ్యునల్ ప్రతి రాష్ట్రంలో నదుల పునరుద్ధరణ కమిటీ వేయాలని, ఆ భాగాలను కనీసం స్నానానికి పనికొచ్చేలా చేయాలని ఆదేశించింది. సోషల్ సారు అప్పటికే మంచం పట్టారు. జాబితా చదివి వినిపిస్తే, ‘మనం చెప్పిందే వాళ్లూ చెప్పిన్రు’ అని మాత్రం అన్నారు. మా చేతిలో ఇంత బలమైన కాగితం అంతకు ముందెన్నడూ లేదు.

ఆ కాగితాన్ని మనం వాడుకోలేదు. పాతికేళ్ల చరిత్రలో నన్ను ఎక్కువ బాధించేది ఇదే. పండుగ సంచికలో రాయకూడదనుకునేవాళ్లుంటే ఉండనీ, నేను రాస్తాను.

2019 వానాకాలం తర్వాత సుందిళ్ల బ్యారేజీ నీళ్లు వెనక్కి తన్ని మన బ్రిడ్జి కింద నిలిచాయి. ఎండాకాలం ఎడారిలా ఉండే గోదారి నిండుకుండలా కళకళలాడింది. జనం సాయంత్రాలు బ్రిడ్జి మీద బారులు తీరారు, ఫొటోలు దిగారు. గంగపుత్రుల వలలు నిండాయి. ఆ సంతోషం అబద్ధం కాదు, మేమూ సంతోషించాం. కానీ సమితి సభలకు మనుషులు తగ్గిపోయారు. గోదారి నిండింది కదా, ఇంకేం కావాలి అన్నారు. నాలాలు అంతకు ముందు ఎక్కడ కలిసేవో అక్కడే కలుస్తున్నాయి. పైన నీళ్లు లోతుగా ఉండటంతో కనిపించడం లేదంతే. ల్యాబు అక్క, ఆమె తయారుచేసిన మహిళా బృందం ఆ మాట పదే పదే చెప్పారు. నెలనెలా సీసాలు నింపి లెక్కలు తెచ్చారు. ఆ లెక్కలను ఏ తీర్మానంలోనూ చేర్చలేదు. వాళ్లలో ఒక్కరినీ వేదిక మీదికి పిలవలేదు. ఈ పాతికేళ్లలో ఒక మహిళ ఈ సమితికి అధ్యక్షురాలు గానీ కార్యదర్శి గానీ కాలేదు. నది ఒడ్డున పనిచేసిన చేతులు ఎక్కువ వాళ్లవే.

2023 అక్టోబరు 21న, సుందిళ్ల లాగే కాళేశ్వరం ప్రాజెక్టులో భాగమైన మేడిగడ్డ బ్యారేజీ పిల్లర్లు కుంగాయి. తర్వాత బ్యారేజీల్లో నీళ్లు నిలపడం ఆగింది. 2024 ఎండాకాలం మన దగ్గర గోదారి మళ్లీ ఇసుక తేలింది. అప్పుడు బయటపడింది అసలు సంగతి. ఇసుక మధ్య నల్లటి మడుగులు, వాటిలోకి ఊరి నాలాలు. నదిలో పారే నీళ్లంటే ఆ మురుగే. వలలు ఒడ్డున ఎండాయి, పడవలు బోర్లపడ్డాయి. పెద్దాయన కొడుకులు కూలికి పోయారు.

సమితికి అంతటి గడ్డుకాలం మరొకటి లేదు. ఖాతాలో డబ్బుల్లేవు. అంతకన్నా కష్టం, సభ పెడితే నది గురించి మాట సాగేది కాదు. కాళేశ్వరం ఎవరి తప్పు అని పార్టీల వారీగా చీలి వాదించుకునేవారు. నాలా ఎవరిది అని అడిగినవాడు ఏదో ఒక పార్టీవాడైపోయేవాడు. పాతికేళ్ల కింద ఒకే కాగితం మీద సంతకం పెట్టిన యూనియన్లలో కొన్ని వేర్వేరుగా ప్రకటనలిచ్చాయి. సర్దార్ బాపు ఉంటే ఏమనేవారో అని చాలామంది అనుకున్నారు. ఆయన అప్పటికి లేరు.

ఆ వేసవిలో సమితిని నిలబెట్టింది చిన్న చిన్న చేతులు. ఆటో యూనియన్ వాళ్లు శాంపిళ్లను ల్యాబుకు ఉచితంగా చేర్చారు. తొలి కరపత్రం వేసిన ప్రింటింగ్ ప్రెస్ మళ్లీ పైసా తీసుకోకుండా వేసింది. కాంట్రాక్టు కార్మికులు ఒక రోజు కూలి ఇచ్చారు. మెడికల్ షాపులవాళ్లు, టైలర్లు, కూరగాయల మార్కెట్ వాళ్లు, లారీ ఓనర్లు, రిటైర్డ్ కార్మికులు, డిగ్రీ కాలేజీ పిల్లలు, మంథని నుంచి ఇద్దరు రైతులు, ధర్మపురి నుంచి ఒక అర్చకులు, గాంధీచౌక్ చాయ్ హోటల్ వాళ్లు, మైకు సెట్ వాళ్లు. వీళ్లందరికీ సమితి రుణపడి ఉంది. ఒక కార్యాలయంలో మా అర్జీకి రసీదు కూడా ఇవ్వని రోజు, ఎండలో గేటు దగ్గర కూర్చున్నది మహిళా బృందమే. అలా సాధించిన రసీదు ఇప్పుడు సమితి ఫైలులో ఉంది.

నదిని బాగుచేయడం కుదరదనేవాళ్లకు రైన్ నది సంగతి చెప్పాలి. 1986 నవంబరులో స్విట్జర్లాండ్‌లోని బాసెల్ దగ్గర ఒక రసాయనాల గోదాం కాలి, విషం నదిలో కలిసి చేపలు కుప్పలుగా చచ్చాయి. ఆ మరుసటి ఏడాదే ఒడ్డున ఉన్న దేశాలు కలిసి కార్యక్రమం వేసుకున్నాయి. తర్వాత సాల్మన్ చేప ఆ నదికి తిరిగొచ్చింది. ఫ్యాక్టరీలు మూతపడలేదు, నీళ్లు కడిగి వదిలాయి. సర్దార్ బాపు 2001లో అన్న మాట కూడా అదే.

నిండిన నదిని చూసి మనం మురుగును మరిచిపోయాం. రేపు బ్యారేజీలు మళ్లీ నిండినా, నిండకపోయినా, రెండు లక్షలకు పైగా జనం ఉన్న ఈ నగరం మురుగు శుద్ధి కాకుండా గోదారిలో కలవకూడదు. మనకు ఎగువనున్న ఎల్లంపల్లి నుంచి హైదరాబాద్ కూడా ఈ నది నీళ్లే తాగుతోంది, కాబట్టి నది గోడు మన ఒక్కరిదే కాదు. 2027లో పుష్కరాలు. లక్షలమంది ఇక్కడ మునుగుతారు. ఘాట్లకు రంగులు వేయడం కన్నా ముందు, నాలాలను శుద్ధి కేంద్రాలకు మళ్లించాలని ప్రతి వార్డులో, ప్రతి గనిలో, ప్రతి గేటు మీటింగులో తీర్మానం చేయించండి. వచ్చే సర్వసభ్య సమావేశంలో సమితి బాధ్యతలు మహిళా బృందానికి అప్పగించండి. ప్రతి నెలా మొదటి ఆదివారం పొద్దున ఆరు గంటలకు బ్రిడ్జి దగ్గర శాంపిళ్లు తీస్తారు. పిల్లల్ని తీసుకుని రండి.